నీ క్లాసుకు ఆగిన మగ్గం

భార్గవీ,

పప్పు, అన్నం వండి పెట్టిన. ఫోన్ చార్జింగ్‌ల ఉన్నది. క్లాసు మధ్యల సిగ్నల్ పోతే మిద్దె ఎక్కు. మా అమ్మను దవాఖానకు తోలుకపోను వడ్డేపల్లికి పోతున్న.

నిన్న నీ డిగ్రీ క్లాసు కోసం అత్తమ్మ మగ్గం ఆపించింది. "చిన్నకోడలు సదువుకుంటుంది, జర సప్పుడు చేయకుండ్రి" అన్నది. పెద్దకోడలినైన నాకు కడుపు మండింది. మా పుట్టింట్ల నా పదో తరగతి పరీక్షలకు కూడ మగ్గం ఆపలే. నేను ఫెయిలయిన, మళ్ల బడి మొఖం చూడలే.

ఇంట్ల ఉండి ఎవరైన సదవొచ్చని మీ సార్ చెప్తుంటే తలుపు చాటున నిలబడి విన్న. ఓపెన్ స్కూల్‌ల పదో తరగతికి నా పేరు రాయించిన. ఉన్నది ఒక్క ఫోనే. సాయంత్రం వీడియో పాఠాలు చూడనీకి నాకియ్యాలె.

నీ అక్క,
సువర్ణ

వీడియోల సార్‌ను ఆపి అడగనీకి రాదు. లెక్కలు నువ్వే చెప్పాలె. నవ్వకు.