రేకమందారం బాకీ

ఆదివారం. బట్టలు ఆరేశాను, కందిపప్పు ఎండబెట్టాను, మీ మందారానికి నీళ్లు పోశాను.

అత్తయ్యా, మీరు పోయి ఈ రోజుకు ఏడాది. మీరు ఈ మందారం కొమ్మ దొంగిలించి తెచ్చిన సికింద్రాబాదు పాత బంగళా తోటను ఇప్పుడు వాళ్లు బాగుచేసి జనం చూడటానికి తెరిచారు. ‘అన్నీ ఆనాటి మొక్కలే’ అని బోర్డు పెట్టారు. నాకు నమ్మకం కుదరక, పోల్చి చూద్దామని మన చెట్టు కొమ్మను సంచిలో పెట్టుకుని వెళ్లాను. మనది రేకమందారం. అక్కడ పూసింది ముద్దమందారం.

"ఇది పాత చెట్టేనా?" అని తోటమాలిని నిలదీశాను.

"జెర మెల్లగ అనుండ్రి అమ్మా. పాతది ఎండిపోయింది. ఇది నర్సరీలకెల్లి తెచ్చిండ్రు."

మన కొమ్మ ఇవ్వబోతే చేయి చాపలేదు.

"ఇస్తే బతకదమ్మా, దొంగతనం చేస్తెనే బతుకుతది. సంచి కింద పెట్టి అటు తిరుగుండ్రి."

ఆనాడు మీరూ ఇదే మాట చెప్పి నన్ను గేటు దగ్గర కాపలా పెట్టారు. ఈసారీ గేటు వైపే తిరిగి నిలబడ్డాను.

వెనక్కి చూస్తే సంచిలో కొమ్మ లేదు. బంగళాకు మన బాకీ తీరింది.