మొదటి బేలు

టీచరమ్మకు ఆశీస్సులు.

నీ ట్రంకుపెట్టెలోని పుస్తకాలు ఎక్కడున్నా వెతికి తెచ్చి నీ ఒళ్లో పెడతానని మాట ఇచ్చి ఇరవై రెండేళ్లయింది. తేలేదు. ఆ ఒక్కటి తప్పిస్తే ఇక్కడ క్షేమమే. అక్కడ నువ్వూ మీ అక్కగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ అక్కగారు కులాసాగా లేకపోయినా నాకు పెద్ద విచారమేమీ లేదు. పదిమందిలో నన్ను 'చెత్త మరిది' అని పిలిచి నవ్విన సంగతి నేనింకా మరిచిపోలేదు.

నీ ఉత్తరంలో నాలుగు ప్రశ్నలున్నాయి. మూడింటికి తేలిగ్గా జవాబు చెప్పగలను.

బీపీ మాత్ర వేసుకుంటున్నాను, గుర్తొచ్చిన రోజున. చెత్తగుట్ట పొగ మానేసింది. మట్టి కప్పి, గ్యాసు పోవడానికి గొట్టాలు దించాక దాని మీద గడ్డి మొలిచింది. కొత్తవాళ్లు చూసి పార్కు అనుకుంటున్నారు. ఊరు మొత్తం పారేసిన చెత్తను ముప్పై ఒక్క ఏళ్లు నేను పేర్చి కట్టిన గుట్ట అది. దాని మీద ఇప్పుడు ఎవరిదో గేదె మేస్తోంది.

రిటైరైనా ఆ యార్డు గేటు పక్క క్వార్టర్సులోనే ఎందుకు పడి ఉన్నారని అడిగావు. ఇంకెవరూ ఇక్కడికి రారు గనక నన్ను ఖాళీ చెయ్యమనలేదు. పుస్తకాలకు లోటు లేదు. చెత్తలో వచ్చినవాటితోనే రెండు గదులు నిండాయి. అన్నిటికన్నా ఎక్కువ వచ్చేవి పెద్దమనుషుల ఆత్మకథలు. మొదటి పేజీలో సంతకం చేసి ఎవరికో ప్రేమతో ఇచ్చినవి, రెండో పేజీ విప్పనివి. రోజూ ఉదయం వెళ్లి లారీల కాటా మీద నిలబడతాను. లారీల కోసం కట్టింది కదా, ఇరవై కిలోల మెట్లుగా చూపిస్తుంది. మొన్నటిదాకా నన్ను అరవై అనేది, ఈమధ్య నలభై అంటోంది. రోజంతటిలో నా గురించి ఏదన్నా చెప్పేది అదొక్కటే.

ఇక నాలుగోది. "మీ చెల్లెలు నాకు ఉత్తరం రాసింది. కంటి ఆపరేషనయిందట, చూసుకునే దిక్కు లేదట, కొన్నాళ్లు నా దగ్గర ఉండనిస్తావా వదినా అంటోంది. మా నాన్న పుస్తకాలు పాత పేపర్ల బండికి వేసేసిన మనిషిని నేను గుమ్మం ఎక్కనివ్వాలా? మీరే చెప్పండి" అన్నావు.

చెబుతాను. కాస్త ఓపిక పట్టి చదువు.

మీ నాన్నగారు పోస్టుమాన్‌గా ముప్పై ఏళ్లు సైకిలు మీద తిరుగుతూ, దారిలో కనిపించిన పక్షుల గురించి రాసుకున్న నోటుపుస్తకాలు పద్నాలుగు. వాటిని నువ్వు మంచం కింద పెట్టెలో దాచి, సెలవురోజున ఒకటి తీసి చదువుకునేదానివి. చదువుతున్నప్పుడు నీ మొహం ఎలా ఉండేదో నీకు తెలియదు. నావైపు తిరిగినప్పుడు ఆ మొహం ఉండేది కాదు. మీ ఇంట్లో ఉత్తరాలు పంచినాయన మహానుభావుడు, ఊరి చెత్త ఎత్తించే నేను చెప్పుకోకూడని అల్లుణ్ణి.

తడిచెత్త, పొడిచెత్త వేరుచేసే పథకం మొదలుపెట్టిన ఏడాది గుర్తుందా? ఇంటికి రెండు డబ్బాలు పంచాం. జనం రెండూ తీసుకుని, ఒకదాంట్లో చెత్త వేసి రెండోదాంట్లో బట్టలు దాచుకున్నారు. ప్రారంభోత్సవానికి పై ఆఫీసరు వస్తున్నాడు. ఆయన బటన్ నొక్కగానే మిషన్‌లోంచి కాగితమంతా మోపులా నొక్కి తీగ కట్టిన మొదటి బేలు బయటికి రావాలి, ఫోటో తియ్యాలి. మిషన్ లోపలి గది నిండా కాగితం పడితేగాని బేలుకు తీగ బిగియదు, విచ్చుకుపోతుంది. ఆ ఉదయం మూరెడు తక్కువైంది.

జీపేసుకుని ఇంటికొచ్చాను. నువ్వు బడిలో ఉన్నావు. పాత పత్రికలన్నీ ఎత్తాను. చాల్లేదు. మంచం కిందికి వంగాను. పెట్టెలో ఏముందో తెలియక తీశానని అనను. తెలిసే తీశాను. పుస్తకాలు మిషన్‌లోకి, పెట్టె ఇనుప సామాను కుప్పలోకి. పై ఆఫీసరు ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుని మీ నాన్నగారి ముప్పై ఏళ్ల పక్కన నిలబడి ఫోటో దిగాడు. మర్నాడు పేపర్లో వచ్చింది. నువ్వే కత్తిరించి గోడకు అంటించావు.

పెట్టె లేదని నువ్వు చూసుకున్న సాయంత్రం నా నోట్లోంచి వచ్చిన మాట, "చెల్లాయి పాత పేపర్ల బండికి వేసినట్టుంది." అది వంటింటి గుమ్మంలోనే ఉంది. ప్రారంభోత్సవం రోజు పొద్దున నేను పెట్టె మోసుకెళ్లడం అక్కడే నిలబడి చూసింది. నావైపు ఒక్కసారి చూసి, "అవును వదినా, పనికిరాని కాగితాలనుకున్నాను" అంది. పనైపోయింది. వారం తిరక్కుండా పిన్నమ్మగారింటికి వెళ్లిపోయింది. రిక్షా ఎక్కేముందు, "అన్నయ్యా, వేళకు తిను" అంది. అంతకన్నా పెద్ద తిట్టు నన్నెవరూ తిట్టలేదు.

ఇందాకటిది నేరం అనుకుంటే, అసలుది ఇప్పుడు చెబుతున్నాను. నీకు మాట ఇచ్చిన నాలుగో రోజున ఆ బేలు కాగితం మిల్లు నుంచి తిరిగొచ్చింది. టార్పాలిన్ కప్పకుండా పంపామట, దారిలో వాన పడిందట. "తడిసిన కాగితం మాకెందుకండీ, మీరే ఉంచుకోండి" అని మిల్లువాడు దింపేసి పోయాడు. నాలుగు తీగలు కత్తిరిస్తే పుస్తకాలు నీ ఒళ్లో ఉండేవి. కానీ పనివాళ్లందరి ముందూ కత్తిరించాలి, అవి నా ఇంటివని తెలియాలి, నీకు తెలియాలి. మిల్లుకు చేరినట్టు రిజిస్టర్లో రాసి, గుట్ట మీద ఆ రోజు నింపుతున్న గోతిలోకి తోయించాను. ఏ రోజు చెత్త ఎక్కడ పూడ్చామో గళ్లుగా గీసిన పటం ఉంటుంది. అందులో నలభై మూడో గడిలో పెన్సిలుతో చుక్క పెట్టుకున్నాను. పెట్టె కోసం నువ్వు ఏడాది ఎదురుచూసి, ట్రాన్స్‌ఫర్ అడిగి వెళ్లిపోయావు.

పోయిన నెలలో గుట్టను ఒక పక్కనుంచి తవ్వి పాత చెత్త వేరుచేసే పని పెట్టారు. ఇంజనీరమ్మ నా పటం పట్టుకుని వచ్చింది, నడివయసు మనిషి, గట్టిది. పొక్లెయిన్ డ్రైవరు బేలు పైకి లాగి కేకేశాడు: "మేడమ్, ఇది చూడండి! మా ఆవిడ మడత పెట్టినట్టుంది, చెక్కు చెదర్లేదు." గాలి తగలకపోతే కాగితం కుళ్లదు టీచరమ్మా. పైపైన తడిసి అట్ట కట్టింది గానీ లోపల పొడిగానే ఉంది.

"పెద్దాయనా, కాగితం బేళ్లన్నీ మిల్లుకు పోయాయని రిజిస్టర్లో రాశారుగా?" అంది ఇంజనీరమ్మ.

"రాశాను."

తీగలు కోయించి, ఒక నోటుపుస్తకం తీసి చదువుతూ మట్టిలోనే కూర్చుండిపోయింది. "ఎవరండీ ఈయన? ఎంత ముచ్చటగా రాశాడు! ఇది వినండి. 'ఈరోజు సంచి ఖాళీ. కాలవగట్టు మీద ఒంటి కొంగ. నన్ను చూసి ఎగరలేదు.'"

"మా మామగారు" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

పద్నాలుగులో ఐదు చదవడానికి వస్తున్నాయి. గుడ్డలో చుట్టి వేరే పార్శిల్‌లో పంపుతున్నాను. మిగతావి అట్టముక్కలు, అవీ పారెయ్యలేదు. చెల్లాయిని వెంటనే రమ్మని రాయి. వీధి వైపు గది ఇవ్వు, దానికి వెలుతురు కావాలి. మందులేవో అడిగి నువ్వే వేళకు వెయ్యి. అది ఏమీ అడగదు.

జేబురుమాలు ఆఫీసరునీ, టార్పాలిన్ కప్పని లోడింగు మేస్త్రీనీ, మిల్లువాణ్ణీ ఇన్నేళ్లూ మనసులో వరుసగా నిలబెట్టి తిట్టాను. అందరూ పోయారు. తిట్టుకోవడానికైనా మనిషి మిగల్లేదు. నన్ను నేను ఎంత తిట్టుకున్నానో రాయను, నువ్వు నమ్మవు.

కానీ ఒక్కమాట. నువ్వు లెక్కల టీచరువి. జవాబు సరిపోయినా సరే, ఎలా వచ్చిందో చేసి చూపించమని పిల్లల్ని నిలబెట్టేదానివి. నేను పది నిమిషాలు ఆలస్యంగా వస్తే పది ప్రశ్నలు వేసేదానివి. ఆ సాయంత్రం నా మొహంలోకి చూసి ఒక్కటంటే ఒక్కటి అడిగి ఉంటే, గోడకు చేరగిలబడి అక్కడికక్కడే చెప్పేసేవాణ్ణి. చెల్లాయి ఇంట్లో ఉండేది. నువ్వూ ఉండేదానివి. అడగలేదు. అందర్నీ వదిలేశాను గానీ, ఇప్పటికీ వదల్లేక తప్పుపడుతూ కూర్చున్నది, నన్ను ఒక్క మాటకే నమ్మేసిన నిన్నే.

ఇట్లు,
ఆ పోస్టుమాన్‌గారి అల్లుడు