మేఘన గ్రూపులో దాటే జట్లు

హోసూరు,
బుధవారం సాయంత్రం.

అక్కకు, నీ చెల్లెలు సుజాత నమస్కరించి రాసేది.

క్షేమసమాచారాల కంటే ముందు ఏళ్ల తరబడి అడగాలనుకుంటూ అడగలేకపోయిన మాట ఒకటి అడిగేస్తాను. యూనివర్సిటీలో పరిశోధన సీటు కోసం ఇంటర్వ్యూకు వెళ్లే ముందు రోజు, "నాకు వస్తుందా అక్కా?" అన్నాను. నువ్వు చేటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా "వస్తుందిలే, పోయి పడుకో" అన్నావు. నిజంగా వస్తుందని నమ్మి అన్నావా? నేను నిద్రపోవాలని అన్నావా? సీటు రాలేదు. ఆ బాధ ఎప్పుడో పోయింది. ఈ ప్రశ్న మాత్రం పోలేదు.

నువ్వు, బావగారు బాగున్నారా? బావగారి మోకాలు నొప్పి తగ్గిందా? మేమిద్దరం బాగానే ఉన్నాం, బెంగ పెట్టుకోవద్దు. అనంతపురంలో ఈపాటికి ఫ్యాన్లు తిరుగుతుంటాయి, ఇక్కడ పొద్దున పూట ఇంకా స్వెటర్ వేసుకునే బస్సెక్కుతున్నాను. క్యాంటీన్ సాంబారులో బెల్లం తగులుతూనే ఉంది. వచ్చి రెండేళ్లు దాటినా నా నాలుక ఒప్పుకోవడం లేదు. వీలైతే వేరుశనగ పొడి కాస్త కారంగా కొట్టి పంపు.

ఉద్యోగం సంగతి నీకు తెలిసిందే. పెట్టెలోంచి కొన్ని గేరు ముక్కలు తీసి కొలిచి, పెట్టె మొత్తం పంపవచ్చో లేదో చెప్పడం నా పని. చెప్పేటప్పుడు ఎన్నడూ తడబడలేదు. ఇప్పుడు తడబడుతున్నాను.

మన మేఘన ఆడబోయే ఆసియా జూనియర్ ఫుట్‌బాల్ పోటీలో గ్రూపులు ప్రకటించారు. మనతో పాటు జపాన్, ఆస్ట్రేలియా (ఈ ఆటలో అదీ ఆసియా లెక్కే), ఉజ్బెకిస్తాన్ పడ్డాయి. ఇంతకంటే గట్టి గ్రూపు ఇంకొకటి లేదంటున్నారు. ఒక్కో గ్రూపులో మొదటి రెండు జట్లు ముందుకు పోతాయి. మొత్తం మూడు గ్రూపులు కాబట్టి, మూడో స్థానంలో నిలిచిన మూడు జట్లలో మెరుగైన రెండింటిని కూడా తీసుకుంటారు.

మొన్న క్యాంటీన్‌లో ఇదే మాట వచ్చింది. మా విభాగంలో రాజప్ప అని వేప్పనపల్లి దగ్గరి ఆయన ఉన్నాడు, వాళ్లకు మామిడి తోట కూడా ఉంది. "ఏం మేడమ్మా, మీ పాప గ్రూపులో దాటేది ఎవరు? మీరు చెప్తే ఖాయం" అన్నాడు. ఎదురుగా పెట్టె ఉన్నట్టే ఆలోచించి, "జపాన్, ఆస్ట్రేలియా" అనేశాను.

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు తినడం ఆపేశారు.

"కన్నబిడ్డ గోలు కాపాడతా ఉంటే జపాను పేరు చెప్తారా?" అన్నాడు రాజప్ప.

"అడిగినావు కదప్పా, చెప్పినాను."

"మా ఊర్లో చెట్టు పూత మీద ఉంటే తోటాయన కాపు మాట ఎత్తడు. కొనేటోడు ఎన్ని లెక్కలైనా వేసుకోనీ. తోటాయన నోట తగ్గు మాట వస్తే చెట్టు వింటాదంటారు."

"చెట్టుకు చెవులు యాడుంటాయి రాజప్పా?"

"లేవు మేడమ్మా. అయినా మా తాత నోరు తెరవలేదు."

"మరి కాపు వచ్చిందా?"

"ఒక ఏడు వచ్చె, ఒక ఏడు రాకపోయె. నోరు మాత్రం తెరవలే."

అందరితో పాటు నేనూ నవ్వాను. బస్సు స్టాపుకు నడుస్తుంటే మాత్రం నవ్వు రాలేదు. ఇందులో నేను కొనేదాన్నా, తోట మనిషినా?

ఆదివారం మేఘన ఫోన్ చేసింది. శిబిరంలో వాళ్లకు ఆ రోజే ఫోన్లు ఇస్తారు. "అమ్మా, అందరూ దాటుతాం దాటుతాం అంటాండారు. కోచ్ సార్ గూడా అదే మాట. నువ్వు లెక్క వేసింటావు కదా, నాకు అది చెప్పు" అంది.

"ఇంకా వేయలేదే" అన్నాను.

"అబద్ధం. పాల ప్యాకెట్ కొనేదానికి గూడా లెక్క వేస్తావు నువ్వు. సరే, వచ్చే ఆదివారం చెప్పు. మర్నాడే విమానం ఎక్కేస్తాం."

లెక్క ఎప్పుడో వేశాను అక్కా. మొదటి రెండు స్థానాలు మనవి కావు. ఉజ్బెకిస్తాన్ మీద గెలిస్తే మూడో స్థానం దక్కుతుంది. ఆపైన మిగతా గ్రూపుల మూడో జట్లతో పాయింట్లు సమానమైతే గోల్స్ తేడా చూస్తారు. అంటే జపాన్ చేతిలో, ఆస్ట్రేలియా చేతిలో ఎంత తక్కువగా ఓడితే అంత మంచిది. ఉన్న దారి అదొక్కటే. ఆ దారి మన పిల్ల చేతి తొడుగుల మీద ఆధారపడి ఉంది.

గోలు ముందు నిలబడబోయే పిల్లతో "ఓడిపోతారు, తక్కువగా ఓడండి" అని తల్లి ఎట్లా అంటుంది? చెప్పకపోతే ఇంకో భయం. మేం అనంతపురంలో ఉన్నప్పుడు, నేను ఆఫీసు వదిలి వచ్చేలోపు దాన్ని రోజూ మైదానానికి తీసుకుపోయింది నువ్వే కాబట్టి నీకు నాకంటే బాగా తెలుసు. రెండు గోల్స్ పడ్డాయంటే తొడుగుల పట్టీలు వదులు చేసుకుని, మిగతావి పోతే పోనీ అన్నట్టు నిలబడేది. నువ్వు గోలు వెనక నుంచి "ఆట అయిపోలేదే, చేతులెత్తు" అని అరిచేదానివి. అక్కడ దాని వెనక అలా అరిచేవాళ్లు ఎవరూ ఉండరు. మూడో గోలు పడ్డాక కూడా నాలుగోది ఆపడానికి విలువ ఉందని దానికి ముందే తెలిసి ఉండాలి కదా.

మీ మరిది అయితే, "పిల్లకు ధైర్యం చెప్పు చాలు, నీ లెక్క ఎవడికి కావాలి?" అంటున్నారు. కావాలన్నది ఆ పిల్లే.

నీ మాట విని ఆ రోజు నేను హాయిగా నిద్రపోయాను. ఇంటర్వ్యూలో బెదరకుండా మాట్లాడాను. అదీ నిజమే. రాకపోవచ్చని చెప్పి ఉంటే ఇంకో చోట దరఖాస్తు పెట్టుకునేదాన్ని. అదీ నిజమే. నిన్ను తప్పు పట్టడానికి రాయడం లేదు. ఇప్పుడు నీ చోట నేను కూర్చున్నాను, అందుకని అడుగుతున్నాను. ఫోన్లో అడిగితే నీ గొంతులో నాకు కావలసిన జవాబు నేనే వినేస్తాను. అందుకే ఉత్తరం. ఇది నీకు చేరేసరికి ఆదివారం దాటిపోవచ్చునని కూడా తెలుసు.

బావగారికి, ఆయన తల్లిగారికి నా నమస్కారాలు చెప్పు. ఆరోగ్యం జాగ్రత్త. మేం బాగానే ఉన్నాం. పిల్లకు నీ దీవెనలు కావాలి, లెక్కలేవీ చూడకుండా దీవించు. నా సంగతికొస్తే, ఆదివారం అది అడిగినప్పుడు "దాటుతారు" అనాలో, "తక్కువగా ఓడితే దాటవచ్చు" అనాలో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

ఇట్లు,
నీ చెల్లెలు
సుజాత