పదునంచు చక్రాలు

సాన్ పెడ్రో,
21 ఆగస్టు 1978, సోమవారం.

శ్రీవారికి,

తియోడోరా రాస్తున్నది. ఇక్కడ నాకూ మన అమ్మాయి నెలిదాకూ ఒంటిమీద ఏ దెబ్బా లేదు. ముందుగా ఆ మాట చెప్పాలి, ఎందుకంటే మీ పడవ మసత్లాన్ రేవు చేరేసరికి ఎవరైనా మరోలా చెప్పి ఉండవచ్చు. మీరూ, మీతో వేటకు వచ్చినవాళ్ళూ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను.

మీరు అడిగినవాటికి జవాబులు. వెనక తలుపు గొళ్ళెం బాగుచేయించాను. నెలిదా దగ్గు తగ్గింది. ఈ ఏడు ట్యూనా దూరంగా పోయిందని రేవులో అందరూ అంటున్నారు కాబట్టి, మీ రాక ఆలస్యమైతే కంగారుపడను.

మా వర్క్‌షాపులో పోతపోసే స్కేట్‌బోర్డు చక్రాల్లో ఏ రకం ఎక్కువ కాలం నిలిచిందని కూడా అడిగారు. మీకు తెలుసుగా, ఒకదాని అంచు పెట్టె అంచులా పదునుగా ఉంటుంది, రెండోదానిది అరిగిన సబ్బుబిళ్ళలా గుండ్రం. నెలిదా, దాని స్నేహితురాలు లోసా వారం వారం చక్రాలు విప్పి తెచ్చిస్తే నేను కొలిచి రాసుకునేదాన్ని. పదునంచుది మలుపులో రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది. పిల్లలకు అదే ఇష్టం. కాని నెల తిరిగేసరికి లోపలివైపు ఎక్కువ అరిగి గరాటులా వాలిపోతుంది. తిరగేసి బిగిస్తే కొంత సర్దుకుంటుంది. పట్టు వదిలిందంటే మాత్రం ఒక్కసారిగా వదులుతుంది. గుండ్రటిది ముందు కాస్త జారి, పిల్లకు తెలియజేసి మరీ వదులుతుంది. సమంగా అరిగి చిన్నదవుతుందే తప్ప దాని ఆకారం పెద్దగా మారదు. మీరు మొదట్లో అన్నట్టే గుండ్రటిదే నిలిచింది.

ఇంతవరకు తేలిగ్గానే రాశాను. ఇకమీద అక్షరాలు వంకరపోతే మన్నించండి.

శుక్రవారం సాయంత్రం పని నుంచి వస్తుంటే మన వీధి కొసన, రేవు కంచె దగ్గర జనం మూగి ఉన్నారు. ఆగి ఉన్న ట్రక్కు పక్కన ఒక పిల్ల పడి ఉంది. పసుపు హెల్మెట్ ఒక్కటే కనిపించింది. నెలిదాదీ లోసాదీ ఒకే రకం హెల్మెట్. ఆ ఏటవాలు రోడ్డు ఎలా దిగానో తెలియదు. దగ్గరికి వెళ్తే నెలిదా మోకాళ్ళమీద కూర్చుని ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఉంది. పడినది లోసా. అప్పుడు నాకు సంతోషం కలిగింది. పక్కింటి బిడ్డ దవడనుంచి రక్తం కారుతుంటే నాకు సంతోషం కలిగింది.

లోసా బోర్డు చక్రం ఒకటి అంచు ఊడిపోయి ఉంది. ఊడిన ముక్క నారింజ తొనంత ఉంది.

అది ఊడుతుందని నాకు తెలుసు.

మంగళవారం నేను నెలిదా బోర్డు చక్రాలు కొలుస్తుంటే ఒకదాని అంచు కింద వెంట్రుకంత చీలిక కనిపించింది. యజమాని హార్లన్‌కు చూపించాను. “ఒక్క చక్రమేగా తియో. పోత సరిగా కుదరలేదంతే. ఆదివారం పిల్లల పందేనికి చక్రాల పెట్టెలు వెళ్ళిపోవాలి, పిల్లల్ని బెదరగొట్టకు” అన్నాడు. పని పోతుందన్న భయంతో నోరు మూసుకున్నాను. ఇంటికి వచ్చి నెలిదా బోర్డుకు గుండ్రటివి బిగించాను. కొలతల కోసమని దానితో అబద్ధం చెప్పాను. లోసా బోర్డు కూడా అవే పదునంచు చక్రాలతో ఆ పక్కనే, మన అరుగు మీదే ఉంది. పానా నా చేతిలోనే ఉంది. విప్పాల్సింది నాలుగు నట్లు. దానివి కూడా మారిస్తే ఎందుకని అడుగుతుందనీ, మాట హార్లన్ దాకా పోతుందనీ వదిలేశాను.

శనివారం ఆ చీలిన చక్రం పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళి లోసా తల్లి సెఫినాకు అంతా చెప్పాను. ఆమె అరవలేదు.

“మీ పిల్లవి ఎప్పుడు మార్చావు?” అంది.

“మంగళవారం.”

“మూడు రోజులు” అని మంచం వైపు తిరిగిపోయింది. లోసా ప్రాణానికి భయం లేదన్నారు. మోచెయ్యి మాత్రం మళ్ళీ పూర్తిగా చాపుకోలేకపోవచ్చట.

ఆదివారం పందెం దగ్గరికి వెళ్ళి, పేర్లు రాసుకునే బల్ల మీద ఆ చక్రం పెట్టాను. హార్లన్ వచ్చి ఇంటికి పొమ్మన్నాడు. నేను కదల్లేదు. పందెం నడిపే ఆవిడ అందరి చక్రాలూ విప్పించి చూసింది. ఇంకో ఏడు బోర్డులకు అదే చీలిక. పదునంచు చక్రాలతో ఎవరినీ దిగనివ్వలేదు. నన్ను ఇక పనికి రావద్దన్నాడు హార్లన్.

నెలిదా అక్కడే ఉంది, అంతా విన్నది. ఇంటికి వచ్చాక ఒక్కటే అడిగింది: “నావి మార్చినప్పుడు లోసా బోర్డు అక్కడే ఉంది కదమ్మా?” ఉందన్నాను. అప్పటినుంచి నాతో మాట లేదు. పెట్టింది తింటుంది, ఆసుపత్రికి వెళ్తుంది, వస్తుంది. ట్రక్కు పక్కన పసుపు హెల్మెట్ చూసినప్పటికంటే ఇప్పుడే ఎక్కువ భయంగా ఉంది.

ఈ కవరులో ఇంకో ఉత్తరం ఉంది. నెలిదా మీకు రాసి, అంటించి, ఈ పొద్దున నా ముందు పెట్టి వెళ్ళింది. నేను విప్పలేదు. నా గురించి అందులో ఏముందో తెలియదు. నా మాటలకంటే దాని మాటలనే నమ్మండి.

ఇట్లు,
నెలిదా తల్లి, మీ భార్య
తియోడోరా