ఎనుము చచ్చాక వచ్చిన ఆత్మ

నంద్యాల, 12-2-1945

ఆళ్లగడ్డలో ఉన్న బావగారికి మీ మరదలు నమస్కరించి రాసేది.

మీ కార్డు అందింది. పాడి ఎనుము చచ్చిందనీ, మీకు చలిజ్వరం విడవడం లేదనీ, మీ తమ్ముడి ఆత్మ శాంతించక మీ ఇంటి చుట్టూ తిరుగుతోందని అయ్యవారు చెప్పారనీ రాశారు. అస్థికలు పంపితే మహానందిలో కర్మ చేయిస్తామన్నారు.

పోయిన ఏడు ఆయన పోయినప్పుడు నేను కబురు పంపితే మీరేమన్నారో గుర్తుందా? "రంగూన్‌లో బుద్ధుని మాటలు నేర్చి, దేవుడు లేడు, ఆత్మ లేదు అన్నోనికి తలకొరివి ఎందుకు, పిండమెందుకు?" అన్నారు.

చితికి నిప్పు పెట్టింది పక్కింటి దూదేకుల మస్తానన్న. రోజూ అరుగు మీద కూర్చుని దేవుని గురించి ఆయనతో పోట్లాడిన మనిషి. "చచ్చినోళ్లని కాల్చేది మాలో తప్పు. కయామత్ నాడు అందరూ గోరీల్లోంచి లేయాల గదా. అయినా నా దోస్తును ఎట్లా వదిలేద్దును వదినా?" అని ఏడ్చాడు.

అస్థికలు కుందూ ఏట్లో కలిపేశాను. పంపడానికి ఏమీ లేదు.

ఆయన చచ్చిన నాడు లేని ఆత్మ, మీ ఎనుము చచ్చిన నాడు ఎట్లా పుట్టింది బావగారూ? ఆత్మ లేదన్నది ఆయన. ఉందని నమ్మి, ఏడాది పాటు దాన్ని పస్తు పెట్టింది మీరు. మనిషి చేసిన పనే వెంట వస్తుందని ఆయన అనేవారు. మీ ఇంటి చుట్టూ తిరిగేది అదేనేమో చూసుకోండి.

భయపడకండి. యుద్ధంలో బాంబులు పడి, రంగూన్ నుంచి కాళ్లు పుండ్లు పడేలా నడిచి వచ్చిన నాడు, మీరు ఆయన్ను గడప బయటే నిలబెట్టి పంపేశారు. పిలవని ఇంటికి ఆయన మళ్లీ ఎన్నడూ రాలేదు.

ఇప్పుడూ రారు.

మీ మరదలు