మీరు నవ్విన వీడియో

నేను డ్యూటీకి వెళ్తున్నాను. పాపకి కూర వేడి చేసి అన్నం పెట్టండి. మారు వడ్డించమంటే కసరకండి, నిద్ర సరిగా లేకపోతే ఆకలి ఎక్కువవుతుందట. పదేళ్ల పిల్లకి అప్పుడే షుగర్ అంచుల దాకా వచ్చింది. పడుకోగానే నిన్న తెచ్చిన మాస్క్ ముక్కుకి పెట్టి, దానికి గాలి పంపే మెషీన్ ఆన్ చేయండి, పీకేస్తే మళ్లీ పెట్టండి. అత్తయ్యగారు "హాయిగా గురకపెట్టి నిద్రపోతోంది, దాన్ని కదపకు" అంటారు. ఆవిడ మాట వినకండి. ఆ హాయే ఇంత దాకా తెచ్చింది.

పోయిన నెల డాక్టరుగారు ఏమన్నారో మీరు అడగలేదు కాబట్టి రాస్తున్నాను. "మా ఇంటి ట్రాక్టర్" అని మీరు చుట్టాల గ్రూపులో పెట్టిన పాప గురక వీడియో ఆవిడకి చూపించాను. గురక సంగతి ఆవిడ పట్టించుకోలేదు. అది ఆగిన చోట సెకన్లు లెక్కపెట్టారు. పద్దెనిమిది సెకన్లు పిల్లకి ఊపిరి ఆడలేదు. అంతసేపూ అందులో మీ నవ్వే వినిపించింది.

మర్చిపోయాను, ఆ వీడియో గ్రూపులోంచి తీసేయండి. దాని కింద మొదటి నవ్వు బొమ్మ పెట్టింది నేనే. అదీ పోతుంది.