ఎడమచేతి కీలుబొమ్మ

మార్చి 4

అక్క కుంచె పట్టుకుంది, ఎడమ చేత్తో. పక్షవాతం వచ్చాక ఇదే మొదటిసారి. కుడిచెయ్యి ఇంకా ఒళ్లోనే పడి ఉంటోంది. నేను చూడనట్టు పేపరు చదువుతూ కూర్చున్నాను.

మార్చి 5

కాగితం మీద కీలుబొమ్మ వేసింది. ఆరగానే ఉండ చుట్టి చెత్తబుట్టలో పడేసింది. తను స్నానానికి వెళ్లినప్పుడు తీసి, పైన బట్ట కప్పి ఇస్త్రీ చేశాను.

మార్చి 6, ఉదయం

ఇన్నేళ్లూ అక్క సైన్సు పుస్తకాలకి బొమ్మలు వేసింది. గుండె, ఊపిరితిత్తులు, కప్ప కాలు. వెంట్రుకవాసి తేడా రానిచ్చేది కాదు. ఈ బొమ్మకేమో ఒక కాలు పొడుగు, ఒకటి పొట్టి. చేపల్లాంటి కళ్లు, ఒకటి ఆకాశం వైపు, ఒకటి నా వైపు. టోపీ ఎరుపు కారి ముక్కు మీదికొచ్చింది, పడిశం పట్టినట్టు. చొక్కా నిండా పసుపు చుక్కలు. నల్లగీత వణికింది. ఆ వణుకువల్లే గంతులేస్తున్నట్టుంది. తాళ్లు కాగితం అంచుదాకా వెళ్లి ఆగిపోయాయి. ఆడించేవాడు లేడు. అయినా ఆడుతోంది.

వంటింట్లో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. అక్క వేసింది చూసి నవ్వు రావడం ఎప్పుడూ లేదు.

మార్చి 9

ఫిజియోథెరపీ డాక్టరమ్మకి చూపించాను. ఎక్సర్‌సైజు గది గోడకి పెడతానంది. అక్కని అడక్కుండా సరే అన్నాను. తెలిస్తే నా వీపు విమానం మోతే.

మార్చి 12

తెలిసిపోయింది. ఎక్సర్‌సైజు గది గోడ మీద తనే చూసింది. ఇంటికొచ్చాక, నా అవిటితనాన్ని గోడకెక్కించావురా అంది.

మార్చి 13

అక్క కుంచె ముట్టుకోలేదు.

మార్చి 17

ఫిజియోథెరపీకి రానంటే బతిమాలి తీసుకెళ్లాను. బొమ్మ ఉన్న గోడకి వీపు పెట్టి కూర్చుంది. భుజం పట్టేసిన లారీ డ్రైవరు ఒకాయన వస్తుంటాడు. చెయ్యెత్తమంటే చాలు, డాక్టరమ్మ మీద గయ్యిమంటాడు. ఇవాళ బొమ్మ ముందు నిలబడి, అచ్చం దానిలాగే చెయ్యి వంకరగా లేపాడు. చెవిదాకా వచ్చింది.

"వీడికి నాకన్నా వంకరలెక్కువ. ఎంత కులాసాగా ఉన్నాడో చూడండి" అన్నాడు. ఎవరు వేశారని మమ్మల్నే అడిగాడు. నేను అక్క వైపు చూశాను. అక్క, నేనే, అంది. కుర్చీ గోడ వైపు తిప్పమంది.

దారిలో, ఎరుపులో నీళ్లెక్కువయ్యాయి అంది.

మార్చి 18

పెద్ద కాగితాలు కావాలట.

మార్చి 23

పొద్దున్నే నన్ను గది మధ్యలో ఒంటికాలి మీద నిలబెట్టింది. చేతులు వేలాడెయ్యమంది. ఆఫీసుకి లేటవుతోందన్నాను. కీలుబొమ్మలు మాట్లాడవురా, అంది.